మేనేజర్ మారారు, మాట మారింది

ప్రశ్న: మాది ఖమ్మం. వంటింటి పరికరాల గురించి తెలుగులో యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాను. మిక్సీలు, వెట్ గ్రైండర్లు, ఇండక్షన్ స్టవ్‌లు సొంత డబ్బుతో కొని, కొన్ని వారాలు వాడి, మంచీ చెడూ చెబుతాను. వీడియో కింద ఇచ్చే లింకుల మీద వచ్చే కమీషనే నా ఆదాయం. ఒక అఫిలియేట్ నెట్‌వర్క్ (కంపెనీలకూ, లింకులతో అమ్మించే నాలాంటి అఫిలియేట్లకూ మధ్య ఉండే సంస్థ) ద్వారా ఒక మిక్సీల కంపెనీ ఉత్పత్తులు చూపిస్తున్నాను. ఆ నెట్‌వర్క్‌లో మొదట ఉన్న మేనేజర్ చాలా మంచి మనిషి. ఎప్పుడు ఫోన్ చేసినా పలికేవారు. దసరాకు ముందు, "అక్కా, ఈ సీజన్‌కు మీకు ఆరు శాతం బదులు తొమ్మిది ఇప్పిస్తాను" అన్నారు. ఆ ధైర్యంతో రాత్రింబవళ్లు కూర్చుని వీడియోలు చేశాను. ఆ సీజన్‌లో 210 ఆర్డర్లు నమోదయ్యాయి, ఒక్కోటి సగటున 4,000 రూపాయలు. తర్వాత ఆయన ఉద్యోగం మారిపోయారు. కొత్తగా వచ్చిన మేడమ్ తొమ్మిది శాతం సంగతి తమ రికార్డుల్లో ఎక్కడా లేదన్నారు. ఆరు శాతమే కట్టారు. పైగా 74 ఆర్డర్లు రిజెక్ట్ అయ్యాయి, అంటే వాటికి కమీషన్ లేదు, ఎందుకో చెప్పరు. వాట్సాప్‌లో అడిగితే చూస్తారు గానీ జవాబివ్వరు. మొన్న మాత్రం తనే ఫోన్ చేసి, ఒక రమ్మీ యాప్‌కు వీడియో చేస్తే ఇన్‌స్టాల్‌కు ఇంత చొప్పున ఇస్తామని, "అది చేయండి, మీ మిగతా విషయాలు కూడా చూద్దాం" అని అన్నారు. ఈ నెట్‌వర్క్ వదిలేయనా? నేరుగా కంపెనీతోనే మాట్లాడుకోనా? మెత్తగా ఉండటమే నా తప్పా?

సమాధానం: మీరు చివర రాసిన విషయాన్ని ముందు తేల్చేద్దాం. ఆ రమ్మీ యాప్ జోలికి వెళ్లకండి. ఎంత ఇస్తామన్నా, ఒక్క వీడియోతో సరిపోతుందన్నా వద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే చట్టం తెచ్చి నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ పని చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. ఆటలు నడిపేవారితోపాటు ప్రచారం చేసేవారికి కూడా అందులో శిక్ష ఉంది. రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ ఏడాది మార్చిలోనే హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ యూట్యూబర్ల మీద, సినిమా నటుల మీద కేసులు పెట్టారు. రేపు పోలీసులు పిలిస్తే స్టేషన్‌కు వెళ్లాల్సింది మీరు. ఆ యాప్ చూపించిన మేనేజర్ పేరు వీడియోలో ఎక్కడా ఉండదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా నా సలహా ఇదే. మీరు బాగుందన్న గ్రైండర్‌ను ఒక ఇల్లాలు కొంటుంది. అదే ఇంట్లో డిగ్రీ చదివే కొడుకు మీ మాట మీద గౌరవంతో ఆ యాప్ దించుకుంటే, ఆ ఇంటికి జరిగే నష్టం ఏ కమీషన్‌తోనూ పూడదు.

ఆ ఫోన్‌కాల్‌లో నాకు మరింత కోపం తెప్పించింది "మిగతా విషయాలు కూడా చూద్దాం" అన్న మాట. రిజెక్ట్ అయిన 74 ఆర్డర్లకు కారణం చెప్పడం ఆవిడ బాధ్యత. కొత్త పని ఒప్పుకుంటేనే ఆ బాధ్యత నెరవేరుస్తాననడం తప్పు. ఈ రెండింటినీ మీరే విడదీయండి, అదీ మెయిల్‌లో. "నా ఛానల్ వంటింటి పరికరాలకే పరిమితం. డబ్బు పెట్టి ఆడే ఆటలు, బెట్టింగ్, అప్పుల యాప్‌లకు నేను ప్రచారం చేయను. ఇకమీదట అలాంటి ఆఫర్లు పంపవద్దని మనవి." ఇంతే రాయండి. క్షమాపణలు, వివరణలు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నేను కొంతకాలం ఒక నెట్‌వర్క్‌లో మేనేజర్‌గా పనిచేశాను, కాబట్టి అటువైపు ఏం జరుగుతుందో చెప్పగలను. అఫిలియేట్ మేనేజర్ మీ యజమానీ కాదు, మీ ప్రతినిధీ కాదు. నెట్‌వర్క్ దగ్గర జీతం తీసుకునే ఉద్యోగి. ఒక్కో మేనేజర్ కింద వందల మంది అఫిలియేట్లు ఉంటారు. నెలకు ఇంత అమ్మకం, ఇంతమంది కొత్తవారు, ఫలానా యాప్‌కు ఇన్ని ఇన్‌స్టాళ్లు అని టార్గెట్లు పైనుంచి వస్తాయి. పొద్దున్న డ్యాష్‌బోర్డు (ఆర్డర్లు, కమీషన్ల లెక్కలు కనిపించే పేజీ) తెరవగానే కళ్లు పడేది పైన ఉన్న పది పదిహేను పేర్ల మీదే. మీ వాట్సాప్ సందేశానికి జవాబు రాకపోవడంలో ప్రతిసారీ దురుద్దేశం ఉండదు. ఆ సందేశం కింద మరో అరవై వచ్చి పడి ఉంటాయి. అయితే జవాబు ఎందుకు రాలేదో అర్థమైనంత మాత్రాన దాన్ని సహించాలని నేను అనను. జవాబు ఇవ్వక తప్పని రూపంలో అడగాలి. వాట్సాప్‌ను పండుగ శుభాకాంక్షలకు, "మెయిల్ పంపాను చూడండి" అనడానికి ఉంచుకోండి. డబ్బు మాట ఏదైనా మెయిల్‌లోనే జరగాలి.

మరో సంగతి గమనించండి. మీ వ్యవహారంలో సాధారణంగా ఇద్దరు మేనేజర్లు ఉంటారు. ఒకరు నెట్‌వర్క్‌లో మీ ఖాతా చూసేవారు. ఇంకొకరు మిక్సీల కంపెనీలో అఫిలియేట్ ప్రోగ్రామ్ చూసేవారు. రేటు పెంచడానికి బడ్జెట్ ఇచ్చేది, ఏ ఆర్డరును ఆమోదించాలో తేల్చేది ఆ రెండో వైపు. నెట్‌వర్క్ మేనేజర్ చేతిలో ఉండేది అడగడం, ఒప్పించడం, సిస్టమ్‌లో నమోదు చేయడం. పాత మేనేజర్ మీకు తొమ్మిది శాతం "ఇప్పిస్తాను" అన్నప్పుడు నిజంగానే ఇప్పించాలనుకుని ఉంటారు. కంపెనీ ఒప్పుకోకముందే చెప్పారో, ఒప్పుకున్నాక నమోదు చేయడం మరిచారో మనకు తెలియదు. ఆయన మంచితనం ఆయనతోపాటే వెళ్లిపోయింది, సిస్టమ్‌లో నమోదైన రేటయితే ఎవరు వెళ్లినా నిలిచి ఉండేది. అందుకే ఫోన్‌లో ఏ మంచిమాట విన్నా, ఆ గంటలోనే "ఇప్పుడు మనం మాట్లాడుకున్న ప్రకారం..." అని మొదలుపెట్టి రెండు వాక్యాల మెయిల్ పంపండి. రేటు, ఎప్పటినుంచి ఎప్పటివరకు, ఏ ఉత్పత్తులకు అన్నవి అందులో ఉండాలి. తర్వాత డ్యాష్‌బోర్డులో మీ ఖాతా కింద కొత్త రేటు కనిపించేదాకా ఆ రేటు మీద ఆశ పెట్టుకుని వీడియో చేయకండి.

నమోదైన రేటు కూడా శాశ్వతం కాదు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో అమెజాన్ తన అఫిలియేట్లకు వారం ముందు మాత్రమే చెప్పి, ఫర్నిచర్ వంటి విభాగాల్లో 8 శాతాన్ని 3 శాతానికి దించేసింది. ఏళ్ల తరబడి కష్టపడినవాళ్ల ఆదాయం అలా కరిగిపోయింది. కాబట్టి ఒప్పందంలో రేటు మార్పుకు ఎన్ని రోజుల ముందస్తు నోటీసు ఇస్తారో చదవండి. లేకపోతే అడగండి.

మీ లెక్కకు వద్దాం. ఆమోదం పొందిన ఆర్డర్లు 136. సగటున 4,000 చొప్పున 5,44,000 రూపాయల అమ్మకం. ఆరు శాతానికి 32,640, తొమ్మిదికి 48,960. తేడా 16,320. (జీఎస్టీ తీసేసిన ధర మీద కమీషన్ కట్టే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, మీది ఏ పద్ధతో చూసుకోండి.) రిజెక్ట్ అయిన 74 ఆర్డర్ల విలువ 2,96,000. దాని మీద ఆరు శాతమే వేసుకున్నా 17,760 రూపాయలు. మీ ఉత్తరమంతా తొమ్మిది శాతం మాట తప్పారన్న బాధతో నిండి ఉంది, అది న్యాయమైన బాధే. కానీ డబ్బు ఎక్కువ పోయింది రిజెక్ట్ అయిన ఆర్డర్లలో. ముందు బలంగా అడగాల్సింది కూడా అక్కడే, ఎందుకంటే అక్కడ మీకు హక్కు ఉంది. తొమ్మిది శాతం దగ్గర రాతలో ఏమీ లేకపోతే మీకు ఉన్నది నైతిక బలం మాత్రమే.

తొమ్మిది శాతం గురించి ఒక్కసారి గట్టిగా అడగండి. ముందు పాత వాట్సాప్ సందేశాలన్నీ వెతకండి. "తొమ్మిది" అన్న అంకె ఉన్న చిన్న సందేశం, వాయిస్ మెసేజ్ ఏది దొరికినా పనికొస్తుంది. పాత మేనేజర్‌తో మీకు ఇంకా మాటలుంటే, అప్పట్లో కంపెనీలో ఎవరితో మాట్లాడారో అడగండి. ఆయన్ను సాక్ష్యం చెప్పమని ఇరుకున పెట్టవద్దు, పేరు తెలిస్తే చాలు. తర్వాత ఇలా రాయండి (సందేశం ఏదీ దొరక్కపోతే దాన్ని జత చేస్తున్నానన్న వాక్యం తీసేయండి):

"నమస్కారం మేడమ్. దసరా, దీపావళి అమ్మకాలకు నా ఖాతాకు 9 శాతం ఇస్తామని మీకు ముందున్న మేనేజర్ చెప్పారు. ఆయన సందేశం జత చేస్తున్నాను. ఆమోదం పొందిన 136 ఆర్డర్ల మీద తేడా 16,320 రూపాయలు. కంపెనీతో మాట్లాడి సర్దుబాటు చేయగలరేమో పదిహేను రోజుల్లో తెలియజేయండి. అది వీలుకాకపోతే వచ్చే సీజన్‌కు ఏ రేటు ఇవ్వగలరో రాసి పంపండి."

చివరి వాక్యాన్ని తీసేయకండి. కొత్తగా వచ్చిన మనిషి తన ముందున్నవారి వాగ్దానానికి డబ్బు కట్టించలేకపోవచ్చు. ఆవిడకు తన పేరుతో ఒక మంచి పని చేసే దారి చూపిస్తే, ఎక్కువసార్లు ఆ దారినే ఎంచుకుంటారు. వచ్చే దసరాకు రాతపూర్వకంగా ఎనిమిది శాతం వచ్చినా మీకు లాభమే. దీని మీద రెండో మెయిల్ మాత్రం వద్దు. ఒకే పాత బాకీని నెలనెలా గుర్తు చేసేవారి మెయిళ్లను ఎవరూ తెరవరు. మీరు అంతకన్నా పెద్ద పనికి ఆవిడ ఇన్‌బాక్స్‌లో చోటు ఉంచుకోవాలి.

ఆ పెద్ద పని 74 ఆర్డర్ల జాబితా. "ఎందుకు రిజెక్ట్ చేశారు?" అని అడిగితే "రిటర్న్‌లు, క్యాన్సిలేషన్‌లు" అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. అలా కాకుండా ఆర్డర్ ఐడీ, క్లిక్ తేదీ, ఆర్డర్ తేదీ, ఉత్పత్తి, సబ్ ఐడీ (ఇదేమిటో కింద చెబుతాను), రిజెక్ట్ కారణం ఉన్న ఎక్సెల్ షీట్ అడగండి. ఆమోదించాలా వద్దా అన్న ఫైలు కంపెనీ నుంచే వస్తుంది, కాబట్టి ఆవిడ దగ్గర కారణాలు లేకపోతే కంపెనీని అడిగి తెప్పించమనండి. షీటు చేతికొచ్చాక ఆర్డర్లు ఎక్కడ గుమిగూడాయో చూడండి. తేదీల్లోనూ ఉత్పత్తుల్లోనూ సమంగా చెదిరి ఉంటే అవి నిజంగానే తిరిగి వెళ్లినవై ఉంటాయి. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, గుమ్మం దగ్గర వద్దని పంపేసే ఆర్డర్లు పండుగ రోజుల్లో ఎన్ని ఉంటాయో మీకూ తెలుసు. ఒకే మోడల్ దగ్గర గుమిగూడితే ఆ మిక్సీకే ఏదో జబ్బు ఉందన్నమాట. అప్పుడు మీ వీడియోను కూడా ఒకసారి సరిచూసుకోవాలి, ప్రేక్షకులు మీ మాట మీదే కొన్నారు కదా. ఒకే కూపన్ వాడిన ఆర్డర్లన్నీ పోతే, ఆ కూపన్ అఫిలియేట్లకు అనుమతి లేనిదై ఉంటుంది. నెలాఖరు వారంలోనివే పోతే కచ్చితంగా గట్టిగా అడగాలి. కంపెనీ పెట్టుకున్న బడ్జెట్ పరిమితి దాటాక వచ్చిన ఆర్డర్లను వెనక్కి కొట్టే అలవాటు ఈ రంగంలో ఉంది. పరిమితి ఉంటే దాన్ని ముందే చెప్పాలి. చెప్పకుండా మీ చేత అమ్మించుకుని తర్వాత కొట్టేస్తే, ఆ డబ్బు మీకు రావాల్సిందే.

సబ్ ఐడీ అంటే లింకు చివర మీరు చేర్చుకునే చిన్న గుర్తు. ఒక్కో వీడియోకు ఒక్కో గుర్తు పెట్టండి. ఇది లేకపోతే ఏ ఆర్డరు ఏ వీడియో నుంచి వచ్చిందో మీకే తెలియదు, ఇక వాదించడానికి ఆధారం ఎక్కడిది? పెద్ద సీజన్‌కు ముందు ఒక పరీక్ష ఆర్డరు పెట్టించి, అది డ్యాష్‌బోర్డులో నమోదవుతుందో లేదో చూడండి. మేనేజర్‌కు మెయిల్‌లో చెప్పాకే ఆ పని చేయండి. సొంత లింకుతో తామే కొనుక్కోవడాన్ని చాలా ప్రోగ్రాములు నిషేధిస్తాయి, చెప్పకుండా చేస్తే ఖాతా పోవచ్చు.

డ్యాష్‌బోర్డులో కనిపించని నష్టం ఒకటి ఉంది. చాలా ప్రోగ్రాముల్లో కమీషన్ చివరి క్లిక్‌కే దక్కుతుంది. మీ వీడియో పూర్తిగా చూసి, మీ లింకు నొక్కి, డబ్బు కట్టే ముందు ఒక్క క్షణం కూపన్ కోసం వేరే సైటులోకి వెళ్లి వస్తే ఆ కమీషన్ ఆ కూపన్ సైటుది. పేపాల్ కంపెనీకి చెందిన హనీ అనే కూపన్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు జోడించుకునే చిన్న ప్రోగ్రామ్) ఇలా ఇతరుల కమీషన్లను తన ఖాతాలో వేసుకుంటోందని 2024 డిసెంబరులో పెద్ద ఆరోపణ వచ్చి, అమెరికాలో యూట్యూబర్లు కోర్టుకు కూడా వెళ్లారు. దీనికి మీ మేనేజర్ చేయగల మేలు ఒకటుంది. మీ ఛానల్ పేరుతో ప్రత్యేక కూపన్ కోడ్ ఇప్పించమని అడగండి. ఆ కోడ్ వాడిన ఆర్డరు ఎవరి క్లిక్ చివరిదైనా మీ ఖాతాలోనే పడేలా నమోదు చేయమనండి. కొనేవారికి వంద రూపాయలు తగ్గుతుంది, వాళ్లు కూపన్ కోసం బయటికి వెళ్లరు. నా లెక్కలో ఇది అదనపు మూడు శాతం కన్నా విలువైన కోరిక. మేనేజర్‌కు ఒప్పించడం కూడా తేలిక.

మేనేజర్లు కొన్నిసార్లు అఫిలియేట్లను దొంగల్లా చూస్తారు. దానికీ ఒక చరిత్ర ఉంది. ఈబే కంపెనీ తన అతి పెద్ద అఫిలియేట్లలో కొందరి మీద 2008లో కోర్టుకెళ్లింది. ఎవరూ లింకు నొక్కకపోయినా నొక్కినట్టు, చూసేవారి బ్రౌజర్లలో కుకీలు (ఎవరి లింకు నుంచి వచ్చారో గుర్తుపెట్టే చిన్న ఫైళ్లు) రహస్యంగా పెట్టి కోట్ల డాలర్ల కమీషన్ తీసుకున్నారన్నది అభియోగం. చివరికి ఇద్దరు నేరం ఒప్పుకున్నారు, 2014లో జైలు శిక్షలు పడ్డాయి. అలాంటి మోసాలు చూసిన రంగంలో, ఒక్కసారిగా అమ్మకాలు పెరిగిన ఖాతాను అనుమానంగా చూడటం మామూలే. మీ ఆర్డర్లు దసరా సీజన్‌లో పెరిగాయి. అవి ఏ వీడియోల నుంచి వచ్చాయో చూపే యూట్యూబ్ గణాంకాల స్క్రీన్‌షాట్లు 74 ఆర్డర్ల షీటు అడిగే మెయిల్‌కు జత చేయండి. అనుమానానికి తావు లేకుండా చేస్తే మీ ఖాతా మీద సంతకం పెట్టడానికి ఆవిడకు భయం ఉండదు.

మెత్తగా ఉండటం తప్పా అని అడిగారు. తప్పు కాదు. అయితే మీరు ఇప్పటిదాకా ఆవిడకు పంపినవన్నీ ఫిర్యాదులే. మీ దగ్గర ఆవిడకు ఇంకెవరూ ఇవ్వలేని సమాచారం ఉంది. మీ వీడియోల కింద ఖమ్మం నుంచి, కర్నూలు నుంచి, డల్లాస్‌లో ఉన్న కోడళ్ల నుంచి కూడా వ్యాఖ్యలు వస్తుంటాయి. ఇడ్లీ పిండికి ఏ జార్ చాలడం లేదో, ఏ గ్రైండర్ రాయి త్వరగా అరుగుతోందో, అల్లం వెల్లుల్లి ముద్దకు ఏ బ్లేడు నప్పడం లేదో అందులో ఉంటుంది. నెలకోసారి అయిదారు వాక్యాల్లో అది రాసి పంపండి. కంపెనీ సమావేశంలో ఆ మాటలు చెప్పి ఆవిడ మంచిపేరు తెచ్చుకుంటారు, ఆ పేరు వెనక మీరున్నారని ఆవిడకు గుర్తుంటుంది. పండుగ బడ్జెట్లు ముందే తేలిపోతాయి. సెప్టెంబరు చివర్లో రేటు అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. జులై చివరికల్లా మీ ప్రణాళిక పంపండి: ఎన్ని వీడియోలు, ఏ మోడళ్లు, పోయిన ఏడాది నూరు క్లిక్‌లకు ఎన్ని ఆర్డర్లు, దానికి మీరు అడిగే రేటు.

పన్ను విషయం ఒక్కటి. కమీషన్ మీద నెట్‌వర్క్ ఇప్పుడు 2 శాతం టీడీఎస్ కోస్తుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద అది జమ అయిందో లేదో ప్రతి మూడు నెలలకూ చూసుకోండి. వాళ్లు మీకు ఎంత చెల్లించినట్టు ప్రభుత్వానికి చెప్పారో కూడా అక్కడే తెలుస్తుంది.

వీడియోలో కమీషన్ సంగతి చెప్పడం మానకండి, క్లిక్‌లు తగ్గుతాయని ఏ మేనేజర్ అన్నా సరే. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ ప్రకటన వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి. కాబట్టి తెలుగులోనే, మొదట్లోనే చెప్పండి.

ఇక వదిలేయడం గురించి. కంపెనీతో నేరుగా మాట్లాడే ముందు నెట్‌వర్క్ ఒప్పందం తెరవండి. తమ ద్వారా పరిచయమైన కంపెనీతో కొంతకాలం నేరుగా ఒప్పందం చేసుకోకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అది ఉంటే పెండింగ్ డబ్బు చేతికి రాకముందు కంపెనీ గడప తొక్కకండి. ఈలోగా మరో నెట్‌వర్క్‌లో, మరో రెండు కంపెనీల ప్రోగ్రాముల్లో ఖాతాలు తెరవండి. ఒకే మేనేజర్ జవాబు కోసం ఇల్లంతా ఎదురుచూసే పరిస్థితి మీకు రాకూడదు. పాత వీడియోల కింద ఉన్న వందల లింకులను చేత్తో మార్చడం ఎంత కష్టమో మీకు తెలుసు. సొంత వెబ్‌సైటు చిరునామా మీదుగా లింకులు పంపుకుంటే ఒక్కచోట మారిస్తే సరిపోతుంది. అయితే అసలు లింకును దాచడాన్ని కొన్ని ప్రోగ్రాములు ఒప్పుకోవు, రాసి అడిగాకే చేయండి.

రమ్మీ యాప్ వద్దన్న మెయిల్ ఈ రోజే పంపండి. 74 ఆర్డర్ల షీటు అడుగుతూ రేపు, తొమ్మిది శాతం గురించి వారం తర్వాత. షీటుకు పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌ను నెట్‌వర్క్ సపోర్ట్ విభాగానికీ, ఆవిడ పైఅధికారికీ పంపండి. ఇంకో పదిహేను రోజులు చూసి, ఎక్కువ ఆర్డర్లు తెచ్చే పది వీడియోల లింకులను కొత్త ప్రోగ్రామ్‌కు మార్చేయండి. ఒకవేళ రేటు ఆరు శాతం దగ్గరే ఆగినా, కారణాలతో సహా పూర్తి జాబితా ఆవిడ పంపితే మాత్రం ఇంకో సీజన్ ఆవిడతో పనిచేయండి.